నూట పన్నెండో పేజీ

చెల్లాయికి,

అక్క దీవెనలు. ఇక్కడ మీ బావా పిల్లలూ కులాసా, నేనూ కులాసా అనే రాస్తున్నాను. మీ బావకి దగ్గు తగ్గింది. పిల్లలు నీ సైన్సు పుస్తకం బడికి పట్టుకెళ్లి "మా పిన్ని రాసింది" అని ఒకటే గొప్పలు. వాళ్లమ్మ ఆ పుస్తకం అచ్చేసిన ప్రెస్సులోనే పదిహేడేళ్లుగా ప్రూఫులు దిద్దుతోందని ఎవరికీ చెప్పినట్టు లేదు.

నువ్వడిగావు కాబట్టి చెప్తున్నాను, పేపర్లో నీ ఫొటో చూశాను. జుట్టు అలా కత్తిరించుకుంటే నీకు నప్పింది. దానికీ కుళ్లుకున్నాను. రెండో ముద్రణ మాట నిజమే, ఓనరు అందరికీ స్వీట్లు పంచాడు. నాకు సయించలేదు.

ఇక ఆ నూట పన్నెండో పేజీ సంగతి. నీ పుస్తకం మీద పెట్టిన సభలో ఓ టీచరు లేచి, "సూర్యుడికీ భూమికీ మధ్య చంద్రుడొస్తే అది చంద్రగ్రహణమా అమ్మా?" అంటే జనం నవ్వారని, తల కొట్టేసినట్టయిందని రాశావు. రెండు గ్రహణాల బొమ్మల కింద పేర్లు తారుమారు చేశాడని, మా ప్రెస్సులో పేజీలు అమర్చే పెద్దాయన్ని పనిలోంచి తీసేయమని ఓనరుకి రాస్తానన్నావు. రాయకు.

ఆయన పొరపాటు చేసిన మాట నిజం. అలాంటివి పట్టుకోవడానికే నన్ను పెట్టుకున్నారు. పట్టుకున్నాను కూడా. పెన్సిలుతో గుర్తు పెట్టి, పక్క పేజీ చదివాను. చిన్నప్పుడు దీపం ముందు బంతి పట్టుకుని గోడ మీద నీడ చూస్తే గ్రహణం గుట్టు నీకే తట్టిందని రాసుకున్నావు. ఆ బంతి పట్టుకున్నది నేను. నువ్వు అన్నం తినకుండా మారాం చేస్తుంటే నీ ఏడుపు మాన్పించడానికి చూపించాను. వెనక్కి తిప్పి కృతజ్ఞతల పేజీ చూశాను. ఇరవై ముగ్గురున్నారు. నీ కంప్యూటరు బాగుచేసినవాడు కూడా ఉన్నాడు. నేను లేను. ఒళ్లు మండిపోయింది. రబ్బరు తీసి ఆ గుర్తు చెరిపేశాను.

నలుగురూ నిన్ను చూసి నవ్వాలనే వదిలేశాను. నవ్వారని నీ ఉత్తరంలో చదివినప్పుడు కడుపు చల్లబడింది. ఆ కిందే పెద్దాయన గురించి చదివాక మాత్రం ముద్ద దిగలేదు.

ఈ ఉదయం ఓనరుకి చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి, "మీరా?" అన్నాడు. కాసేపటికి రెండో ముద్రణ ప్రూఫు తెచ్చి నా బల్ల మీదే పెట్టి, "ఈసారి సరిగ్గా చూడండి" అన్నాడు. నేను ముట్టుకోలేదు, వేరేవాళ్లకిమ్మన్నాను. పుస్తకం చాలా బాగా రాశావే, అదే నా ఏడుపు. నా చేతికొస్తే మళ్లీ ఏదో ఒకటి వదిలేస్తాను.

ఇట్లు,
నీ తోడబుట్టిన అక్క