ఆ ఐదో ఫౌల్ గురించి

నాన్నా,

నువ్వు పోయాక ఇవే మొదటి అమెరికా బాస్కెట్‌బాల్ ప్లేఆఫ్స్. ఈ ఉదయం నీ జట్టు ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది. ఆఖరి క్షణంలో మనవాడు బంతిని శుభ్రంగానే లాక్కున్నాడు, కానీ రిఫరీ ఫౌల్ ఊదేశాడు.

"అమ్ముడుపోయాడే అక్కా! వాళ్ళ కోర్టులో ఆట కదా!" అని తమ్ముడు రిమోట్ విసిరేసి బయటికి వెళ్ళిపోయాడు.

కొవ్వూరులో మా బాస్కెట్‌బాల్ ఫైనల్ నాడు, రావాల్సిన రిఫరీ రాక విజిల్ నువ్వే పట్టుకున్నావు. నాకు ఐదో ఫౌల్ ఊది, ఐదైతే ఇక ఆడకూడదని బయటికి పంపేశావు. "సొంత కూతుర్ని కూడా వదల్లేదండి మాస్టారు" అని అందరూ నిన్ను మెచ్చుకున్నారు.

అప్పటినుంచి టీవీలో ఫౌల్ గొడవ వచ్చిన ప్రతిసారీ సౌండు తగ్గించి, నా వైపు చూడకుండా అడిగేవాడివి. "అమ్మాయ్, ఆ రోజు నీ చెయ్యి తగిలింది కదా?"

"తగిలింది నాన్నా" అనేదాన్ని. నువ్వు మళ్ళీ సౌండు పెంచేవాడివి.

ఇవాళ రీప్లే మళ్ళీ మళ్ళీ వేస్తుంటే, కింద పడ్డ రిమోట్ తీసి నేనే సౌండు తగ్గించాను. నీ కుర్చీ వైపు చూడలేదు. నువ్వడగడం మాత్రం వినబడింది.

తగల్లేదు నాన్నా.