కేశవకు తొంభై, దివాకర్‌కు డెబ్బై నాలుగు

అక్టోబర్ 5, ఆదివారం

తొంభై అని చెప్పినా. అబద్ధం. నా లెక్కలో వచ్చింది డెబ్బై నాలుగు.

నా మొగుడు కేశవ నిన్న బెంగళూరు నుంచి వచ్చినాడు. పొద్దున సంగటి ముద్ద ఊరిబిండిలో అద్దుకుంటా, ఏం జయంతీ, మా గేమ్‌కు ఎంత వస్తాది, నీ నంబర్ చెప్పు అన్నాడు. మామూలుగానే అడిగినాడు. కానీ తన చేతిలో ముద్ద నోటికాడ ఆగిపోయింది.

ఆష్‌వాల్ 2. ప్రపంచమంతా ఎదురుచూస్తాండే గేమ్. అందులో కొండలు, బీళ్లు, పాడుబడిన ఊర్లు అన్నీ చేసింది కేశవ వాళ్ల టీమే. ఐదేండ్ల పని. నేను ఈడ రాప్తాడులో అత్తకాడ ఉంటా, ట్యూషన్లు చెప్పుకుంటా, తీరిక దొరికితే గేమ్స్ మీద తెలుగులో వీడియోలు చేస్తా. రిలీజుకు ముందే, క్రిటిక్స్ అందరి రివ్యూలు కలిపి యావరేజ్ నూటికి ఎంత వస్తాదో చెప్పేది నా పిచ్చి. ఒకటో రెండో అటూ ఇటూ, ఇంతవరకు తప్పలేదు. అందుకే నా నంబరంటే కేశవకు అంత గురి.

ఈసారి ఊరికే అడగలేదు. ఎనభై ఐదు దాటితే బెంగళూరు టీమ్ ఉంటాది, మూడో పార్టు కూడా వీళ్లకే. దాటకపోతే ఆఫీసు మూసేస్తారంట. ఫోన్లలో ఆడే క్రికెట్ గేమ్ చేసే ఇంకో కంపెనీ కేశవనూ, అదే టీమ్‌లో ఉండే తన ఫ్రెండ్ దివాకర్‌నూ రమ్మంటాండాది. నెలాఖరులోగా చెప్పల్ల. నేను ఎనభై ఐదుకు పైన చెప్తే కేశవ ఉంటాడు, కింద చెప్తే పోతాడు. అంత బరువు నా నోటి మీద పెట్టినాడు.

మా అత్త నారాయణమ్మ పొయ్యికాడ నుంచే అందుకునింది. తథాస్తు దేవతలు తిరుగుతాంటారు, నోరు తెరిస్తే మంచి మాటే రావల్ల అని. నేను కేశవ కండ్లు చూసినా. తొంభై అన్నా. నవ్వినాడు. ఇంకో ముద్ద వేయించుకున్నాడు.

అక్టోబర్ 6

నేను చేసే పనిని అత్త ఎప్పుడూ ఎగతాళి చేస్తాది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంట. అననీ. మా నాయన తిప్పయ్య చెనక్కాయల వ్యాపారి. కల్లంలో గుప్పెడు కాయలు వలిచి, పప్పులు తూకం వేసి, నూటికి ఇంత దిగుతాది అని కుప్ప మొత్తానికీ రేటు చెప్పేవాడు. నేను చేసేదీ అదే. ఎన్నిసార్లు వాయిదా వేసినారు, క్రిటిక్స్‌కు కాపీలు ఎప్పుడు పంపినారు, పోయిన పార్టును ఎవరు ఎందుకు తిట్టినారు, ఇవన్నీ నా కాయలు.

ఈసారైతే ఇంకెవరికీ దొరకని గుప్పెడు నా చేతిలో ఉండాది. కేశవ ప్రతి శనివారం ఇంటికొచ్చి ఏం చెప్తాడో నాకు తెలుసు. గేమ్‌లో గుర్రం నేలలోకి కుంగిపోతాండాది. ఇంటి లోపల వాన పడతాండాది. మనుషులు తలుపు ఇడిచిపెట్టి గోడలోంచి పోతాండారు. ఇట్లాంటిదానికి తొంభై ఎట్ల వస్తాది? డెబ్బై నాలుగు కూడా మొగుడని దయ చూపించి వేసినా.

అక్టోబర్ 8

మళ్లా లెక్కేసినా. డెబ్బై నాలుగే.

అక్టోబర్ 11, శనివారం

దివాకర్ ఫోన్ చేసినాడు, కుందుర్పి నుంచి. ఈశ్వరికి ఏడో నెల, పుట్టింట్లో ఉండాది, పెండ్లాన్ని చూసేకి వచ్చినాడంట. కేశవన్నకు తొంభై చెప్పినావంట వదినా, నాకెందుకో నమ్మకం కుదర్లేదు, బిడ్డ పుట్టబోతాండాది, నాకు నిజం చెప్పు అన్నాడు.

నా నోట్లో నువ్వుగింజ నానదు గదా. డెబ్బై నాలుగు అనేసినా. థ్యాంక్స్ వదినా అన్నాడు. కేశవకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నా.

ఫోన్ పెట్టినాక గదా నేను చేసిన ఘనకార్యం తెలిసింది. మొగునికి ఒక నంబర్, మొగుని స్నేహితునికి ఇంకో నంబర్. తొంభై వస్తే దివాకర్ మునుగుతాడు. డెబ్బై నాలుగు వస్తే కేశవ మునుగుతాడు. ఏదొచ్చినా ఒక కొంపకు నిప్పు పెట్టింది నేనే.

అక్టోబర్ 12, ఆదివారం

చెప్పేద్దామని పొద్దున్నుంచి కేశవ వెనకాలే తిరిగినా. మేడ మీద ఇద్దరం బట్టలు ఆరేస్తాంటే మొదలుపెట్టినా. క్రిటిక్స్‌ను నమ్మేకి లేదు, ఆ క్రికెట్ వాళ్లకు ఊ అని పెట్టు, పోయేదేముంది అన్నా. కేశవ క్లిప్పు చేతిలో పట్టుకొని నా మొహం చూసినాడు. తొంభై అన్నావు గదా, మళ్లా ఇదేంది అన్నాడు.

అవును, తొంభయ్యే అన్నా. థూ, నా నోరు పడిపోను.

ఐదేండ్లలో ఆఫీసులో ఒక్కరు కూడా బాగా చేసినావని అనలేదంట. నువ్వన్నావు, నాకది చాలు అన్నాడు. కిందికి పోయి హాయిగా పడుకున్నాడు. బస్సు టైము దాకా గురక. నేను ఇంకేం చెప్పల్ల?

అక్టోబర్ 20, దీపావళి

దివాకర్ రాజీనామా ఇచ్చేసినాడు.

కేశవకు అరికాలి మంట నెత్తికెక్కింది. కోతకొచ్చిన చేన్లో కొడవలి పారేసి పోయినోడు, వాని పేరు ఇంకెప్పుడూ ఈ ఇంట్లో ఎత్తొద్దు అన్నాడు. పాలిటెక్నిక్ నుంచి ఒకే కంచం ఒకే మంచంగా ఉన్నోళ్లు. ఆ కోపంలోనే క్రికెట్ కంపెనీకి నేను రానని మెయిల్ పెట్టేసినాడు. నా ముందరే. మతాబు కాలినంత సేపు కూడా పట్టలేదు. ఆగు అనాల్సింది పోయి, ప్రమిదల్లో నూనె పోస్తా నిలబడినా.

అత్త ఓళిగలు చేసింది. రెండు తిని కక్కుకున్నా. అత్త ఇంకోరకంగా అనుకొని సంబరపడింది, పక్కింటి హనుమంతమ్మకు కూడా చెప్పినట్టుండాది. ముసలామెకు ఆ ఆశ పెట్టింది కూడా నేనే.

అక్టోబర్ 27

ఈశ్వరి ఫోన్. రిలీజుకు ముందు పోయినోళ్ల పేర్లు గేమ్ చివర్లో వేయరంట. దివాకర్ పేరు తీసేసినారంట. అయినా పోతే పోనీలే అక్కా, పేరు తిని బతకము గదా, నువ్వు చెప్పబట్టి ముందే తప్పించుకున్నాము అనింది. నేను ఊ ఊ అంటా విన్నా. ఆయమ్మ మెచ్చుకునే కొద్దీ నాకు చెంపలు వాచినట్టుండాది.

అక్టోబర్ 31

ఈ రోజుతో ఆ కంపెనీ గడువు అయిపోయింది. కేశవకు మెసేజ్ టైప్ చేసినా, తుడిచేసినా. మళ్లా టైప్ చేసినా. ఈసారి పంపినా. తిన్నావా అని.

నవంబర్ 3

వీడియో ఎప్పుడక్కా, ఆష్‌వాల్‌కు నీ నంబర్ ఎంతక్కా అని కామెంట్ల మీద కామెంట్లు. వీడియో చేస్తే ఏ నంబర్ చెప్పల్ల? ఒకడు, అక్కకు భయం పట్టుకుంది అని రాసినాడు. వానికి లైక్ కొట్టినా.

నవంబర్ 6

ఆఫీసులో పందెం పెట్టినారంట. ఎవరి నంబర్ వాళ్లు చీటీ మీద రాసి డబ్బాలో వేయల్ల. మేనేజరు ఎనభై కంటే ఎక్కువ రాయలేదంట. కేశవ తొంభై అని రాసి, కింద నా పేరు కూడా పెట్టినాడంట. ఫోన్లో గొంతు కీచుగా ఉండాది. నిద్ర పోతాండావా అని అడిగితే, నువ్వు చెప్పినాక నాకేం భయం అన్నాడు. అన్నం నోటికి పోవడం లేదు నాకు.

నవంబర్ 8, శనివారం

కేశవ రాలేదు, పని. అత్త నన్ను కసాపురం ఆంజనేయస్వామికాడికి తీసుకపోయింది. నా కొడుక్కు తొంభై రావల్ల సామీ అని గట్టిగానే మొక్కింది. పక్కనోళ్లు ఇంటర్ పరీక్షలనుకొని వాళ్లు కూడా చేతులెత్తినారు.

నేను ఊరికే నిలబడినా. ఏమని అడగల్ల? స్వామి కూడా ఇట్లాంటి మొక్కు విని ఉండడు. సరే, ఈడ ఎవరు చూస్తారు, నిజం రాస్తా. నాకు తొంభయ్యే కావల్ల. దివాకర్ ఏమన్నా కానీ, కేశవ మొహం పడిపోకూడదు. ఈ మాట రాసినాక ఈశ్వరి కడుపు గుర్తొచ్చింది. నా మీద నాకే అసహ్యం పుట్టింది.

నవంబర్ 11, మాపు

ఏడున్నరకు రివ్యూలు. అత్త సీరియల్ చూస్తాండాది. ఊరికే కూర్చోలేక పెన్ను పట్టుకున్నా. ఏం రాయల్లనో తెలీదు.

నవంబర్ 11, రివ్యూలు వచ్చినాక

తొంభై ఒకటి.

మొదటిది తొంభై ఐదు వచ్చింది. నమ్మలేదు. రెండోది ఎనభై ఎనిమిది. ఆ తర్వాత గబగబా అన్నీ. ఎవడో ఒకడు తిట్టకపోతాడా అని వెతికినా, నా నంబర్ పక్కన నిలబడేవాడు ఒక్కడన్నా దొరుకుతాడేమో అని. ఒకాయన ఏం రాసినాడంటే, ఆ ఎండిపోయిన ఊర్లలో నడుస్తాంటే కుర్చీలో కూర్చున్నోనికి దప్పికైతాదంట. అవి కేశవ చేసిన ఊర్లు. నాలుగుసార్లు చదువుకున్నా.

ఆఫీసు నుంచి కేశవ ఫోన్. ఏడుస్తాండాడు. మా ఇంటామె నెల ముందే చెప్పింది, ఈ లోకంలో ఒక్కతే నమ్మింది అని అందరితో చెప్పి, ఫోన్ స్పీకర్లో పెట్టినాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. నేను థ్యాంక్స్ చెప్పినా. సిగ్గు లేకుండా.

దివాకర్‌కు ఫోన్ చేసే ధైర్యం లేదు.

నవంబర్ 12

యాడ తప్పినా?

నాయన కుప్ప లోపలికి చెయ్యి పెట్టి తీసేవాడు కాయలు. నేను చూసిన గుప్పెడంతా కేశవ ఇంటికి మోసుకొచ్చిన కష్టాలే. శనివారం అలిసిపోయి వచ్చే మొగుడు, బాగా కుదిరిన కొండ గురించి చెప్తాడా? అది అయిపోయింది గదా, దాని గురించి మాట్లాడేదేముంది. కుంగిన గుర్రం గురించే చెప్తాడు. నేను ఆ పుచ్చులే ఏరుకొని నూటికి ఇంత అని లెక్క కట్టినా. బాగున్నది ఏదని ఐదేండ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. ఏ పెండ్లామన్నా అడుగుతాది గదా. నేను అడగలేదు.

నవంబర్ 14

దివాకర్‌కు చేసినా. తిడతాడనుకున్నా. తిట్టినా బాగుండేది. నీ మనసులో ఉన్నదే చెప్పినావు వదినా, లెక్క తప్పింది, అంతే గదా, నాకు అట్ల మొహమాటం లేకుండా చెప్పినోళ్లు ఇంకెవరూ లేరు అన్నాడు. ఇప్పుడు క్రికెట్ స్టేడియంలో కుర్చీలకు రంగులేస్తాండాడంట. అదీ పనే అన్నాడు.

ఈశ్వరికి ఇమ్మన్నా. పడుకునింది అన్నాడు. పక్కనే ఆయమ్మ గొంతు వినపడతానే ఉండాది.

కేశవన్నకు చెప్పినావా అని అడిగినాడు. ట్యూషన్ పిల్లోళ్లు వచ్చినారని ఫోన్ పెట్టేసినా.

నవంబర్ 16, ఆదివారం

చెప్పేసినా. డెబ్బై నాలుగు, దివాకర్, ఒట్టు, అంతా.

మొదట నవ్వినాడు, ఆట పట్టిస్తాండానని. తర్వాత నవ్వు ఆగింది. వానికి నిజం చెప్పినావు, నాకు చెవిలో పువ్వు పెట్టినావు అన్నాడు. నీ బాధ చూడలేక అట్ల అన్నా అంటే, నేనేమన్నా పాలు తాగే పిల్లోడినా అన్నాడు. వచ్చింది తొంభై పైనే గదా, ఇప్పుడు ఏం నష్టమైంది అన్నా. అనకుండా ఉండాల్సింది. చప్పట్లు కొట్టించినాను గదే నీకు అన్నాడు, మెల్లగా. అరిచింటే నాకు ఇంత బాధుండేది కాదు.

మాపటి బస్సు దాకా ఆగలేదు, మధ్యాహ్నమే పోయినాడు. అత్త కట్టిన చిత్రాన్నం బల్ల మీదే ఉండిపోయింది. నష్టపోయినోడు థ్యాంక్స్ చెప్పినాడు, గెలిచినోడు మొహం తిప్పుకొని పోయినాడు. కడుపారా ఏడ్చినా.

నవంబర్ 19

ఫోన్ లేదు. అమ్మకు బీపీ మాత్రలు ఉండాయా అని మెసేజ్ మాత్రం వచ్చింది. ఉండాయి అని పెట్టినా.

నవంబర్ 22, శనివారం

వచ్చినాడు. సంచీలోంచి గేమ్ ఆడే పెట్టె తీసి టీవీకి తగిలించి, రా కూర్చో అన్నాడు. కోపం పోలేదు, మొహంలోనే ఉండాది. తొంభై ఒకట్లో డెబ్బై నాలుగు పోతే పదిహేడు, ఆ పదిహేడు మార్కులు యాడ కోసినావో చూపించు అన్నాడు.

భయమేసింది. అయినా చూపించినా. గుర్రం బాగైంది, వాన బాగైంది, అవి బాగున్నాయని కూడా చెప్పినా. కానీ సంతలో ఆట సాగలాగినట్టుండాది, కోటలో మెట్లన్నీ ఒకే తీరు, ఊర్లో కుక్కే లేదు, కుక్క లేని ఊరు యాడన్నా ఉండాదా అన్నా. గొంతు పెంచినాడు. నేనూ పెంచినా. అత్త తన సీరియల్ పాయె అని తిట్టుకుంటా లోపలికి పోయింది. కేశవ పని గురించి మేము ఇంత సేపు మాట్లాడుకునింది ఇదే మొదటిసారి.

నవంబర్ 23

పదిహేడులో ఇంతవరకు మూడు ఒప్పుకున్నాడు.

నాలుగోది ఒక దిగుడుబావి. మెట్ల మీద నీడ తప్పుగా పడింది, దానికి రెండు కోసినా అన్నా. అది నేను చేసింది కాదు, దివాకర్ చేసింది, వాన్నే అడగల్ల అన్నాడు. అడుగు మరి అన్నా. గేమ్‌లో ఆ బావి మెట్లన్నీ అడుగు దాకా దిగినాడు. ఫోన్ తీసినాడు. రింగవుతాండాది.