మంచి జత ఎవరికి

చెల్లీ రజితా,

విమానం మోత వినపడకుండా చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు రెండు జతలు కొన్నావు. మా మౌలాలి ఇల్లు రైలు పట్టాల పక్కనే కదా, పరీక్షించి చెప్పమని పంపావు. "మంచిది నాకియ్యి, రెండోది నువ్వే ఉంచుకో అక్కా" అన్నావు.

నల్లవి పెట్టుకున్నా గూడ్సు బండి కూత వినిపించింది. తెల్లవి పెట్టుకుంటే బండే కాదు, మా అత్త వచ్చి "ఏందీ, గింతగనం పిలుస్తుంటే పలుకవ్?" అని భుజం తట్టేదాకా ఏమీ తెలియలేదు.

చిన్నప్పుడు కొత్త గౌను నాకు, అది పొట్టిదయ్యాక నీకు. ఇప్పుడు ఆఫీసు నీకు, విమానం నీకు. ఆ మోత నీకు ఒక్క ప్రయాణమే. నాకు పెళ్లయిన రోజు నుంచీ ఉంది.

నల్లవి మీ బావతో పంపుతున్నాను. క్షేమంగా వెళ్లిరా. తిట్టాలనిపిస్తే తిట్టుకో, నాకు వినిపించదు.

నీ అక్క