రెండో హ్యాండిల్

అల్వాల్, సికింద్రాబాద్,
18 ఏప్రిల్ 2004.

చిరంజీవి సౌభాగ్యవతి దుర్గకు, అత్తయ్య నూకరత్నం ఆశీర్వదించి రాసే సంగతులు.

ఇక్కడ నేనూ, మీ ఆయనా, బాల్కనీలో నీ కరివేపాకు మొక్కా కులాసా. బొబ్బిలిలో నువ్వూ, నీ కడుపులో బుజ్జి ప్రాణమూ, మీ అమ్మానాన్నలూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి స్థిమితపడ్డాను. ఫోన్లో అయితే "ఊఁ అత్తయ్యా, సరే అత్తయ్యా" అని పెట్టేస్తావు. ఉత్తరంలో మాత్రం నోరు బాగానే విప్పావు. అది నాకు నచ్చింది, అందుకే నేనూ ఉత్తరమే రాస్తున్నాను.

ముందు నువ్వడిగినవి. మొక్కకి రోజూ నీళ్లు పోస్తున్నాను, నువ్వు చెప్పినట్టే చిగుళ్ల జోలికి పోవడం లేదు. సూరి టిఫిన్ తినే వెళ్తున్నాడు. మాదాపూర్ ఆఫీసు బస్సు కోసం షర్టు గుండీలు పెట్టుకుంటూ పరిగెత్తడం మాత్రం మానలేదు. కాళ్ల వాపుకి కంగారుపడకు. సూరి కడుపులో ఉన్నప్పుడు నా కాళ్లు చెప్పుల్లో పట్టేవి కావు. అయినా డాక్టరమ్మకి ఒకసారి చూపించు, నా మాట విని ఊరుకోకు. మామిడికాయ తగ్గించమని మీ అమ్మ కాంతమణి వదినగారు చెప్పే ఉంటారు. నువ్వు వినవని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

ఇక ఉత్తరం చివర్న అడిగావు, కాన్పయ్యాక మీ ముగ్గురూ కాప్రాలో వేరే ఇల్లు తీసుకుంటే నేనేమనుకుంటానని. "మీమీద కోపం కాదత్తయ్యా, నా వస్తువు నేను పెట్టిన చోటే ఉండే ఇల్లు కావాలి" అని రాశావు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. జవాబు ఇస్తాను. అయితే నువ్వు లేనప్పుడు ఇక్కడ కొన్ని సంగతులు జరిగాయి. అవి చెప్పకుండా ఆ మాట చెప్పలేను.

మనింట్లోకి వీడియో గేమ్ మిషన్ వచ్చింది. సూరి తెచ్చాడనుకునేవు, నేనే తెచ్చాను.

చిన్నప్పుడు మీ నాన్నగారు విశాఖపట్నం నుంచి తెచ్చిన ఆట క్యాసెట్లు, మిషన్ పాడైపోయినా పారేయకుండా బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నావు కదా. ఆ డబ్బా సంచిలో వేసుకుని రెజిమెంటల్ బజార్ వెళ్లాను. ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో తర్వాత రాస్తాను, ఇప్పుడే కోపం తెచ్చుకోకు. అక్కడ టీవీల కొట్టు నడిపే విజయేందర్ అనే ఆయన్ని, ఇవి ఆడే మిషన్లు ఇంకా వస్తున్నాయా నాయనా అని అడిగాను. అటక మీంచి కొత్త పెట్టె దించాడు. అసలు కంపెనీ వాళ్లు మానేసినా, దాన్ని చూసి అలాంటివే ఎవరెవరో చేసి అమ్ముతున్నారట. నువ్వు చెప్పిన పాత మిషన్ లాంటిదే, కాకపోతే చిన్నది, పట్టుకుంటే దూది బరువు.

"మిషన్ కొత్తదే గని, మీ పాత క్యాసెట్లు సుత ఆడ్తయమ్మా. మనవనికా?" అన్నాడు.

పుట్టకముందే బిడ్డకి వస్తువులు కొంటారా ఎక్కడైనా అని కసిరాను. నా కోడలికి అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, క్యాసెట్లు ఒక్కొక్కటీ పెట్టి చూపించాడు. తర్వాత పట్టుకుని ఆడే రెండు హ్యాండిళ్లూ నా చేతిలో పెట్టి ఇంకో సంగతి చెప్పాడు.

"గీ రెండోదానికి షురూ బటన్ ఉండదమ్మా. మొదటిది పట్టుకున్నోళ్లు షురూ చేస్తేనే ఇద్దరికీ ఆట."

అప్పుడు ఆ మాట నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఇంటికి తెచ్చి, సరిగ్గా ఆడుతున్నాయో లేదో చూద్దామని ఒక్కసారి కూర్చున్నాను. అదే పొరపాటు. నీ పడవలాట ఉంది చూడు, నదిలో మొసళ్లని తప్పించుకుంటూ కోట దాకా వెళ్లేది, అది నన్ను పట్టుకుంది. మొసలి వస్తుంటే హ్యాండిల్‌తో పాటు నేను కూడా పక్కకి వంగిపోతున్నాను. తోడుకి పెరుగు అడగడానికి వచ్చిన కింది వాటా విజయమ్మగారు, గిన్నె ఒళ్లో పెట్టుకుని టీవీ చూస్తూ కూర్చుండిపోయింది. ఇంకొకరోజు సూరి ఆఫీసు నుంచి వచ్చేసరికి కుక్కర్ మాడిపోయి ఇల్లంతా పప్పు వాసన. నేను కోట గుమ్మం దగ్గర ఉన్నాను, లేవలేనని చెప్పాను. వాడు నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డాడు. దుర్గా, మీ మావయ్యగారు పోయాక నేను అంతగా నవ్వింది ఆ రోజే.

కానీ కోట తలుపు తెరుచుకోదు. ఇద్దరు మనుషులు చెరో రాయి మీద ఒకేసారి నిలబడాలట. సూరికి రెండో హ్యాండిల్ ఇచ్చాను. ఆఫీసులో వాడు చేసే పనేమిటో నాకు తెలియదు గానీ, పడవ నడపడం మాత్రం రాదు. రాయి దాకా రాకుండానే మొసలికి పలహారమైపోతాడు.

ఇప్పుడు అసలు సంగతి. పుట్టింటికి వెళ్లేటప్పుడు నువ్వు నాకు ఒకే ఒక్క మాట చెప్పావు, ఆ డబ్బా మాత్రం ముట్టుకోవద్దని. ఉగాదికి ఇల్లు దులుపుతూ ముట్టుకున్నాను. మూత తీసి చూస్తే క్యాసెట్లకి అడుగున, మిషన్లోకి దూరే రాగి పళ్లు నల్లబడి ఉన్నాయి. పక్కన పూజ గిన్నెలకి నానబెట్టిన చింతపండు ఉంది. నా చెయ్యి ఊరుకోలేదు తల్లీ. అన్నిటినీ చింతపండు పెట్టి తోమి, కుళాయి కింద కడిగి, కుందుల పక్కన బోర్లించాను. సాయంత్రం సూరి చూసి, నీళ్లు తగిలితే ఇవి పాడైపోతాయమ్మా అన్నాడు. బజారుకి పరిగెత్తింది అందుకే. కొట్లో మిగతావన్నీ ఆడాయి. నీ పడవలాట పెడితే మాత్రం టీవీ నిండా రంగు గీతలే. దాన్ని తెచ్చి, డాబా మీద గుమ్మడి వడియాల పక్కన గుడ్డ పరిచి ఎండబెట్టాను. కాకుల్ని తోలుతూ అక్కడే కూర్చున్నాను, వడియాల కోసం కాదు. ఎండాక మిషన్లో పెడితే నది కనిపించింది. ఆ నీళ్లు చూసి నేను ఏడ్చేశాను. సూరి నీకు చెప్పద్దన్నాడు, చెప్తే కాప్రా ఖాయం అన్నాడు. చెప్పకపోతే నువ్వు రాసిన మాట నేను అసలు చదవనట్టే కదా.

ఈ ఇంట్లో గిన్నె దగ్గర్నుంచి గుమ్మం దాకా ఇన్నేళ్లూ నేనే సర్దాను. ఇంకొకరి వస్తువు కనిపిస్తే చెయ్యి దానంతటదే వెళ్తుంది. ఈ వయసులో ఆ అలవాటు మానతానని నీకు ఒట్టు వెయ్యలేను.

అందుకని నిన్న సూరిని వెంటబెట్టుకుని కాప్రా వెళ్లి, నువ్వు రాసిన ఆ ఇల్లు చూసి వచ్చాను. మేడ మీద వాటా, చెరువు గాలి తగులుతోంది, బిడ్డ ఉయ్యాలకి దూలం గట్టిగా ఉంది. వంటింటి అరల్లో ఏది ఎక్కడ పెట్టాలో చెప్పబోయి, నోరు మూసుకుని బయటికి వచ్చేశాను. టీవీ పెట్టే గోడకి ఇంకో ప్లగ్గు పెట్టించమని ఇంటాయనకి మాత్రం చెప్పాను, ఆ ఒక్క పెత్తనం క్షమించు. ఇల్లు తీసుకోండి. మనస్ఫూర్తిగా అంటున్నాను. మీరు వెళ్లాక నాకు ఇక్కడ వెలితిగా ఉంటుంది, లేదని అబద్ధం చెప్పను. అయినా అల్వాల్ నుంచి కాప్రా ఏమంత దూరం?

మిషన్ మీతోనే పంపిస్తాను. ఆదివారాలు నేను వస్తాను. మొదటి హ్యాండిల్ నీది, షురూ చేసేది నువ్వే. నువ్వు నొక్కేదాకా కదలకుండా కూర్చుంటాను, ఎదురుగా నీ అలమర తలుపు తెరిచి ఉన్నా సరే. నువ్వు నొక్కాక చూడు, మనిద్దరం ఆ కోట తలుపు తీసేద్దాం. బిడ్డ ఏడిస్తే సూరి ఎత్తుకుంటాడు.

ఇట్లు,
రెండో హ్యాండిల్ పట్టుకుని నీకోసం చూస్తున్న
నీ అత్తయ్య,
నూకరత్నం.