నాలుగు రోజులు ఆరాల్సిన మెంతాకు

తిరుపతి,
డిసెంబరు 28.

నా బంగారు అమ్మకు,

ఫోన్ చేస్తే వదిన పక్కనే ఉంటుంది, నాకు నోరు పెగలదు. ఈ ఉత్తరం నీకు చదివి వినిపించేదీ వదినే. తెలిసే రాస్తున్నాను.

మెంతాకు సీసాకు బూజు పట్టిందని వదినను తిట్టావు. "ఆరిందో లేదో సూసుకోవద్దా మే? ఇంగ నువ్వు మడి జోలికి రావద్దు" అన్నావు. ఫోన్లో నాకు వినబడింది. అమ్మా, ఆ సీసా మూసింది నేను.

నెల మొదట్లో నేనొచ్చినప్పుడు చలికి మన కూరగాయల మడిలో బెండ మొక్కలు ముడుచుకుపోయి ఉన్నాయి. మెంతికూర, పాలకూర మాత్రం మంచులో తడిసి నిగనిగలాడుతున్నాయి. వదిన చెయ్యి పట్టుకుని, మళ్ళీ చిగురు రావాలంటే ఎక్కడ గిల్లాలో చూపిస్తున్నావు. నేను దగ్గరికొస్తే "నువ్వు పొయ్యి సదువుకో పాపా, చేతులు మట్టి చేసుకోవద్దు" అన్నావు. చిన్నప్పటి నుంచీ అదే మాట. మన ఇంట్లో మొదట బడికి పోయింది నేనని ఊరంతా చెప్పుకున్నావు. నీ చేతిపని మాత్రం రెండేళ్ల కిందట వచ్చిన మనిషికి ఇచ్చావు. వదినంటే నాకు కుళ్ళు.

కోసిన మెంతాకు వసారా నీడలో పాత చీర మీద నాలుగు రోజులు ఆరాలి, నలిపితే గలగలమనాలి. నాకూ తెలుసు. రెండో రోజే మెత్తటి ఆకును సీసాలో కుక్కి మూత బిగించాను. "ఆరిపోయింది వదినా" అన్నాను. నమ్మింది. తిట్లు తిని కూడా నా పేరు చెప్పలేదు. ఆ మంచితనం చూసినా కుళ్ళే.

మడి వదినకే ఇవ్వు.

నీ హేమశ్రీ

ఐరాల,
జనవరి 3.

హేమకు, నీ వదిన ప్రేమతో,

ఒక్క ముక్క వదలకుండా చదివాను. కుళ్ళు అన్నచోటు కూడా చదివాను.

నేను నీ పేరు చెప్పకపోవడం మంచితనం కాదు. చెప్పినా అత్త నమ్మదు, నామీదికే తిరగబడుతుంది. రోజుకు పదిసార్లు "మా పాప" అంటుంది. ఎండిన ఆకు మొదటి సీసా ఎప్పుడూ నీ హాస్టల్‌కే. నాకూ నువ్వంటే కుళ్ళే.

అత్త చాలాసేపు తన అరచేతులే చూసుకుంది. "దాని చేతులు ఇట్ల పగలకూడదనే కదా మే నేను దూరం పెట్టింది" అంది. తర్వాత లేచి మెంతుల డబ్బా తెచ్చింది. "చలి ఇంకో నెల ఉండాది. పాపను ఆదివారం రమ్మను. సగం మడి అది చల్లనీ, సగం నువ్వు చల్లు" అని రెండు మూటలు కట్టింది.

నీ మూట పెద్దది. నేను చూశాను.

ఆదివారం తొలి బస్సుకే రా. మడి దగ్గర విప్పి కొలుద్దాం.

నీ వదిన,
భానుప్రియ