గుండ్రటి పిన్ను మౌసు

ఒరేయ్ షార్ట్‌హ్యాండూ,

పదకొండేళ్ల తర్వాత నా దస్తూరీ చూసి కంగారు పడకు. నేను బతికే ఉన్నాను. ఉత్తరం నేనే రాస్తున్నాను కాబట్టి ఆ మాట నమ్మవచ్చు.

నేను టైపు, నువ్వు షార్ట్‌హ్యాండు నేర్పిన మన ఇన్‌స్టిట్యూట్ చివరి రోజుల్లో కొన్నామే, ఆ కంప్యూటర్ని అటక మీంచి దించాను. అరవై నాలుగు ఎంబీ మెమరీ. పాత పెట్టెల్ని కూడా నడిపించే లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దీనికి ఎక్కించాలని రిపేరు షాపుకి వెళ్తే, అక్కడి అతను "తాతగారూ, దీన్ని చెత్తబండిలో వేసెయ్యండి" అన్నాడు. "నన్ను కూడా వెయ్యమంటావా?" అన్నాను. కాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచించడమే నాకు నచ్చలేదు. చివరికి ఒక డిస్కు చేతిలో పెట్టి పంపాడు.

జెరాక్స్ షాపావిడ చేత, అది ఎలా ఎక్కించాలో చెప్పే కాగితాలు అచ్చు వేయించుకుని, నాకు నేనే మాస్టారినై మొదలెట్టాను. నల్ల తెర మీద తెల్లటి అక్షరాలు సులువుగానే వచ్చాయి. కిటికీలూ మెనూలూ ఉండే డెస్క్‌టాప్ ఉందే, అదే రాదు. ఆజ్ఞ కొడితే బూడిదరంగు తెర, నడుమ చిన్న ఇంటూ గుర్తు. గంట కూర్చున్నా అంతే. చచ్చిందనుకుని ఆపేసి, మళ్లీ మొదట్నుంచి ఎక్కిస్తాను. ఇప్పటికి పంతొమ్మిది సార్లు.

దేనికి ఈ తంటా అంటావు. ఈ గదిలో దాని ఫ్యాను హోరు తప్ప ఇంకో చప్పుడు లేదురా. అందుకే.

నీ
టైపు మాస్టారు

*

ఒరేయ్,

నీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నాను. అది చావలేదురా. పంతొమ్మిది సార్లూ బతికే ఉంది. ఏడో కాగితం అడుగున రాసుంది: ఈ డెస్క్‌టాప్ తనంతట తాను ఏమీ చూపించదు, ఖాళీ తెర మీద మౌసు కుడి మీట నొక్కితే మెనూ వస్తుంది. నేను అడుగుతానని అది కూర్చుంది. అది చూపిస్తుందని నేను కూర్చున్నాను.

దానికి మౌసు కావాలని, అది నా దగ్గర లేదని నాకు తెలీదా అంటే, తెలుసు. ముందు తెర రానీ, తర్వాత చూద్దామనుకున్నాను. అసలు సంగతి, మౌసు తల్చుకుంటే నువ్వు గుర్తొస్తావు.

ఇన్‌స్టిట్యూట్ మూసేసి సామాన్లు పంచుకున్న రోజు కంప్యూటరు నా వాటాకి వచ్చింది. నువ్వు దాని మౌసు పీకి జేబులో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డావు. తోక బయటికి వేలాడుతోంది. నేను చూశాను. ఒక్క మాట అడిగితే పోయేది. "తలుపేసి వెళ్లు" అన్నాను. ఆ రోజు నుంచి కనబడిన వాళ్లందరికీ నువ్వు దొంగవని చెప్పాను. మా ఆవిడ ఆస్పత్రిలో, "ఆయన్ని ఓసారి పిలవండి" అంది. "మౌసు తెస్తే పిలుస్తా" అన్నాను. మూడో రోజుకి తను లేదు. నాలుగేళ్లయింది. నీకు కబురు కూడా చెయ్యలేదు. అదీ నా ఘనకార్యం.

ఈ గుండ్రటి పిన్ను మౌసు ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకడం లేదు. కొత్తవి దీనికి పట్టవు. నీ దగ్గరుంటే పంపు. లేకపోయినా రెండు ముక్కలు రాయి.

నీ
టైపు మాస్టారు

*

టైపు మాస్టారూ,

ఇల్లు మారి ఆరేళ్లయింది. నీ ఉత్తరాలు రెండూ పాత ఇంటికి వెళ్లి, ఒకేసారి నా దగ్గరికి వచ్చాయి. చెల్లెమ్మ సంగతి చదివి మిగతాది చదవడానికి చాలాసేపు పట్టింది.

దొంగతనం నిజమే. మౌసు లేకపోతే ఆ పెట్టె పనికిరాదు కదా, రెండ్రోజుల్లో తిట్టుకుంటూ మా ఇంటికొస్తావని తీసుకొచ్చాను. నెలరోజులు వీధి తలుపు గడియ పెట్టలేదు. ఇల్లు మారినప్పుడు సగం సామాను పారేశాను గానీ, దాన్ని మాత్రం చేతిరుమాల్లో చుట్టి తెచ్చుకున్నాను.

పోస్టులో పంపను. పంపితే నీకు నాతో పని అయిపోతుంది. గురువారం పొద్దుటి బస్సుకి నేనే తెస్తున్నాను. ఈలోగా దాన్ని ఇరవయ్యోసారి ఎక్కించకు.

ఇట్లు,
మౌసు దొంగ