కోటు జేబులో అక్షింతలు

అక్కా,

ముందు జరిగిన అన్యాయం ఏమిటో, చేసినవాడెవడో రాసి, క్షేమసమాచారాలు తర్వాత రాస్తాను. మా ఓడలో హోటల్ మేనేజరు విక్టర్ అనేవాడు, వంటగదిలోనూ లాండ్రీలోనూ పనిచేసేవాళ్ళు ఒక్కరు కూడా ఈ సీజన్‌లో మంచు మీద కాలు పెట్టడానికి వీల్లేదని బోర్డు మీద రాశాడు. దానికి కారణం నేను. నాకు కారణం నువ్వు. కంగారు పడకు, వరసగా చెబుతాను.

నేను కులాసా. నువ్వూ, బావగారూ, నాయనమ్మా, చిన్నీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాయనమ్మ మోకాలికి నూనె రాస్తున్నారా? ఫోన్‌లో చెప్పకుండా ఉత్తరమెందుకంటావు. ఇక్కడి నెట్ సగంలో పోతుంది, సగం విని నువ్వు నిద్ర మానేస్తావు. కులాసా అని మళ్ళీ రాస్తున్నాను.

మేముండేది భూమికి అట్టడుగున. ఉషుయా అనే ఊరి రేవులో టూరిస్టులని ఎక్కించుకుని దక్షిణంగా అంటార్కిటికాకి పోతాం. మధ్యలో సముద్రం మంచిది కాదు. ఓడ ఊగే ఊపుకి ప్లేట్లు జారిపోకుండా కింద తడిగుడ్డలు పరుస్తాం. అది దాటాక నీళ్ళు బందరు కాలవంత నెమ్మది. చుట్టూ తెల్లటి కొండలు. చలి గురించి దిగులొద్దు, గిన్నెలు కడిగేచోట ఆవిరికి ఎప్పుడూ మే నెల బెజవాడే. అన్నం రోజూ ఉంటుంది. పప్పు ఉండదు. నువ్వు పెట్టిన గోంగూర పచ్చడి సీసా అడుగు కనిపిస్తోంది.

వచ్చేవాళ్ళు దీన్ని సాహసయాత్ర అంటారు. ఎర్రకోట్లు వేసుకుని రబ్బరు పడవల్లో ఒడ్డుకి పోయి, పెంగ్విన్లని చూసి, ఆకలి మీద తిరిగొస్తారు. ఒకరోజు ఎంగిలి ప్లేట్లు తీస్తుంటే ఒకావిడ, "ఇలాంటిచోట పనిచేస్తున్నావు, ఎంత అదృష్టవంతుడివి" అంది. నేనొచ్చి నాలుగు నెలలు, ఒడ్డుని కిటికీలోంచి తప్ప చూడలేదు. ఆ మాటే అనబోతే మస్తాన్ అన్న నా జబ్బ పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. "ఆవిడ మంచికే అందిరా. ప్రతిదానికీ ఉద్యమం లేవదీస్తావేంటి?" అన్నాడు.

మస్తాన్ అన్నది విజయవాడ వన్‌టౌన్. ఒకప్పుడు గవర్నర్‌పేటలో ఇస్త్రీ షాపు నడిపేవాడు, ఇక్కడ లాండ్రీ ఆయన చేతిలో ఉంది. ఓడలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. ఎన్నో సీజన్లు చేశాడు, ఇదే ఆఖరిదట. సీజన్ చివర సముద్రం నెమ్మదిగా ఉన్న ఒక మధ్యాహ్నం పనివాళ్ళని కూడా ఒడ్డుకి దింపడం ఇక్కడి ఆనవాయితీ. ప్రతిసారీ ఆయన వంతు వచ్చేసరికి గాలి లేచేదట, లేకపోతే బట్టలు మీద పడేవట. ఈసారి మంచు మీద నడిచొస్తానని మనవరాలికి మాటిచ్చి వచ్చాడు. ఆ పిల్ల, "మంచు మన ఫ్రిజ్‌లో లేదా తాతా?" అందట.

ఇప్పుడు నీ సంగతి. గన్నవరం ఎయిర్‌పోర్టు గేటు దగ్గర నా తలమీద అక్షింతలు వేసి, మిగిలినవి కోటు జేబులో పోశావు గుర్తుందా? "ఓడ ఎక్కేటప్పుడు నువ్వే వేసుకో, అక్కడ వేసేవాళ్ళెవరుంటారు" అన్నావు. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదని నీకు తెలుసు. వేసుకోలేదు. అలాగని సముద్రంలో పారెయ్యడానికి చెయ్యీ రాలేదు. జేబులోనే ఉండిపోయాయి, మరిచిపోయాను.

ఒడ్డుకి దిగేవాళ్ళ బట్టల్ని ముందురోజు తనిఖీ చేస్తారు. విత్తనం, మట్టి, తిండి, ఏదీ ఆ నేల మీద పడకూడదు. అన్నా అనే అమ్మాయి జేబులు తిరగేసి, కుట్టు సందుల్లో చిన్న పట్టకారు పెట్టి వెతుకుతుంది. నా కోటు తిరగేసేసరికి పసుపు బియ్యం బల్లమీద జలజలా రాలింది.

"ఇదేంటి?" అంది.

"దీవెన."

"తినేదా?"

"కాదు, తలమీద వేసేది."

"విత్తనమా?"

నేను పామర్రువాణ్ణి. "పొట్టు తీసిన బియ్యం మొలకెత్తదు. వడ్ల సంగతి మాకు నువ్వు చెప్పక్కర్లేదు" అన్నాను. ఆ అమ్మాయి కోప్పడలేదు. "మొలవదు సరే, పక్షులు తింటే? బయటి రోగం ఒక్కటి చాలు, ఇక్కడ వేలకి వేలు పోతాయి" అంది. విక్టర్ వెనక నిలబడి చూస్తున్నాడు. అరగంటకి బోర్డు మీద రాశాడు. ఇంతమంది జేబులు వెతికే తీరిక లేదట, అందుకని కింది డెక్కుల వాళ్ళందరికీ రద్దు.

నా ఒళ్ళు మండింది. గవర్నర్‌పేట టీకొట్టు దగ్గర పంచిన కరపత్రాలన్నీ చదివి దాచుకున్నవాణ్ణి, ఊరుకుంటానా? "ఒక్కడి తప్పుకి అందరికీ శిక్షా? మూడు గంటలకి భోజనాల గదిలో కలవండి" అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి రైస్ కుక్కర్ పైన అంటించాను. అన్నం పెట్టుకోడానికి రాని మనిషి ఉండడు కదా.

అందరూ వచ్చారు. నేను బల్ల ఎక్కి కష్టజీవి, చెమట, హక్కు అని మొదలుపెట్టాను. ఫిలిప్పీన్స్ వంటాయన చేతులు కట్టుకుని, "ముందు నీ జేబు గురించి చెప్పు" అన్నాడు. అందరూ నవ్వారు. మస్తాన్ అన్న నవ్వలేదు.

"ఒరే సుధీరూ, వీళ్ళు ఒడ్డుకి దిగడం కావాలా, నీ ఉపన్యాసం కావాలా?" అని తెలుగులో అడిగాడు.

అక్కా, అప్పుడు నాకు బావగారి కోళ్ళ ఫారం గుర్తొచ్చింది. గేటు దగ్గర మందు నీళ్ళ తొట్టిలో కాళ్ళు ముంచనిదే ఎవర్నీ లోపలికి రానివ్వరు. మీ పెళ్ళయిన కొత్తలో చిన్నాన్న కొత్త చెప్పులతో వస్తే ఆయన్నీ ముంచమన్నారు. చిన్నాన్న అలిగి భోజనం చెయ్యకుండా బస్సెక్కాడు. అప్పుడు బావగారిదే న్యాయమని వాదించింది నేనే. ఇక్కడి తనిఖీ కూడా ఆ తొట్టిలాంటిదే. అన్నాది తప్పు కాదు. విక్టర్‌ది తప్పు. ఈ రెంటినీ కలిపి అరిచాను కాబట్టే నా మాట ఎవరికీ ఎక్కలేదు.

బల్ల దిగాను. ఆ రోజు పని అయ్యాక అందరి కోట్లూ, సాక్సులూ, టోపీలూ మస్తాన్ అన్న ఉతికి ఆరేశాడు. ఒకరి జేబులు ఇంకొకరు తిరగేసి చూశాం. వంటాయన జేబులో మిరియాలు దొరికాయి. నా జేబు మీద జోకులు అంతటితో ఆగిపోయాయి. బట్టల మూటలతో అందరం అన్నా దగ్గరికి పోయాం. ఆమె ఒక్కొక్కటీ చూసి, బాగున్నాయని విక్టర్‌కి చెప్పింది. విక్టర్ నా వైపు చూశాడు.

"ఇతను కూడానా?"

"నేను దిగను. వీళ్ళని ఆపొద్దు" అన్నాను.

గొప్ప కోసం రాయడంలేదు. ఆ జేబు నాది కాబట్టి అన్నాను. జేబులు వెతికే తీరిక మాకే ఉందని తేలాక అతను బోర్డు తుడిచేశాడు. క్షమించమని మాత్రం అనలేదు. ఆ సంగతి నేను మరిచిపోను.

నిన్న గాలి లేదు. వాళ్ళు పడవలెక్కారు. అందరి వంతు గిన్నెలూ నేనొక్కణ్ణే తోమాను. నేను తోమేచోట కిటికీ లేదు. పడవ ఇంజను చప్పుడు దూరంగా పోవడం, చాలాసేపటికి తిరిగి రావడం విన్నాను. మస్తాన్ అన్న బూట్లు కడుక్కుని తిన్నగా లాండ్రీలోకి పోయాడు. వెనకే వెళ్ళి, "ఎలా ఉందన్నా?" అన్నాను. ఇస్త్రీ పెట్టె ఒక దిండుగలీబు మీద పెట్టి కదపకుండా నిలబడ్డాడు. అది మాడేలా ఉంటే నేనే పెట్టె తీశాను.

"ఇప్పుడు నోటికి రావడంలేదురా. ఇంటికెళ్ళాక చెప్తా" అన్నాడు.

అంతే. ఇంకోసారి అడిగినా అదే మాట.

ఎల్లుండి రేవులో ఆయన దిగిపోతాడు, నాకింకా ఓడలో పని ఉంది. గన్నవరం చేరగానే ఈ ఉత్తరం కొరియర్‌లో వేస్తానన్నాడు. ఆ తర్వాత వచ్చే ఆదివారం మనవరాలిని తీసుకుని పామర్రు రమ్మని మరీ మరీ చెప్పాను, వస్తాడు. ఆయనకి భోజనం పెట్టు. తిరిగెళ్ళేటప్పుడు గోంగూర పచ్చడి సీసా ఇయ్యి. మనవాళ్ళెవరైనా ఓడకి వస్తుంటే నాకూ ఒకటి పంపు. మూత గట్టిగా బిగించు, జేబులో మాత్రం పెట్టనివ్వకు.

నాయనమ్మ పాదాలకి దణ్ణం పెట్టానని చెప్పు. బావగారికి నమస్కారాలు, తొట్టి విషయంలో వారిదే న్యాయమని ఇంకోసారి చెప్పు. చిన్నికి ముద్దులు. నన్ను దీవించు, కాకపోతే ఈసారి నోటితో దీవిస్తే చాలు.

ఆదివారం సాయంత్రం ఆరు గంటలకి అందరూ మన అరుగు మీద కూడండి. చిన్నాన్ననీ పిలవండి, అలక మానమనండి. అప్పుడు మాకు పొద్దున్న తొమ్మిదిన్నర, టిఫిన్ గిన్నెలు అయిపోయి ఉంటాయి. నేను ఫోన్ చేస్తాను. స్పీకర్ పెట్టి మస్తాన్ అన్న పక్కనే ఉంచండి. మంచు మీద ఎలా ఉంటుందో మీకెంత తెలుసో నాకూ అంతే తెలుసు. ఆరు దాటనివ్వకండి.

నీ తమ్ముడు,
సుధీర్